గాలి లేని గంట

అసలు ఒకసారి పేలిన ఫిరంగి మళ్ళీ పేలడానికి ఎంతసేపు పట్టాలన్నదే కదా మొత్తం తగువు, గొట్టం లోపల నిప్పు మిగిలిందేమోనని తడిగుడ్డ చుట్టిన కర్రతో తుడవాలి, మందు పొట్లం కూరాలి, గుండు దొర్లించాలి, దట్టించాలి, ఆపైన అంత బరువు ఇనుముని తాళ్ళు పట్టి ఓడ పక్కనున్న కంతలోంచి బయటికి లాగాలి, ఇదంతా ఊగే చెక్కల మీద, కళ్ళు మండే పొగలో, ఎంత చేయి తిరిగినవాళ్ళయినా చిటికెలో అయ్యే పనా అది, నెట్‌లో వెతికి, దొరికిన ప్రతి కాగితమూ చదివి, లెక్కగట్టి మరీ పెట్టాను నేను, ఇప్పుడేమో మౌస్ నొక్కితే పేలుతుంది, మళ్ళీ నొక్కితే మళ్ళీ పేలుతుంది, దీపావళికి పిల్లలు రీలు తుపాకీ కాల్చినట్టు టపటపమని, కుర్రాళ్ళ కేకలు, సార్ వీడి ఓడ ములిగిపోనాది సార్, ములిగితే స్పేస్ బార్ నొక్కరా లేస్తుంది, అవును, నా ఆటలో ఇప్పుడు మునిగిన ఓడ లేస్తుంది, చచ్చిన నావికులు లేచి తెరచాప తాళ్ళు పట్టుకుంటారు, కాశీబుగ్గలో నా కంప్యూటర్ సెంటర్‌లో ఈ మధ్యాహ్నం ఒక్క కుర్చీ ఖాళీ లేదు, ఇంతకాలం కోరుకున్నది ఇదే కదా, మరి ఇందాకటి నుంచీ నేను తలుపు వైపెందుకు చూస్తున్నాను.

మునుపైతే ఈపాటికి ఆ తలుపు దగ్గర ఢిల్లేశ్వరరావు బావ నిలబడి చెప్పులు విడుస్తూ ఉండాలి, మా అప్ప దుర్గాదేవి మొగుడు, కవిటిలో కొబ్బరితోట ఉన్న రైతు, రెండు కిడ్నీలూ చెడిపోయిన మనిషి, ఉద్దానంలో ఆ మాట చెబితే ఎవరూ నోరు తెరవరు, అయ్యో అని కూడా అనరు, మా మావకీ అంతే అని పక్కకి చూస్తారు, వారానికి రెండుసార్లు వైజాగ్ వెళ్ళి మిషన్ మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి, పొద్దున్నే కవిటిలో బయల్దేరి పలాస వచ్చి, రైలు వేళయ్యేదాకా నా షాపులో కూర్చునేవాడు, గుడ్డసంచీలో ఆస్పత్రి కాగితాలు, ఉప్పులేని అన్నం క్యారేజీ, కొలిచి పోసుకున్న నీళ్ళ సీసా, ఆ సీసాకి మించి తాగకూడదు, కొబ్బరినీళ్ళు అసలే తాగకూడదట, అందులో ఉన్నదేదో గుండెని ఆపేస్తుందని డాక్టరు గట్టిగా చెప్పాడట, కొబ్బరి పండించేవాడికి కొబ్బరిబొండం విషం, దీన్ని నా ఆటలో పెడితే ఎవరైనా నమ్ముతారా, మరీ అతిగా ఉంది సార్ తీసెయ్యండి అంటారు, అప్పుడు ఫోను మోగింది, అప్ప, సూర్యం, మీ బావ నీ కాడికి వొచ్చాడేటి, లేదే, ఈమధ్య సోంపేటలో రైలెక్కుతున్నాడు కదా, మీకు అదే దగ్గర కదా అన్నాను, అవతల ఏడుపు గొంతుతో, సోంపేట నేదు ఏటీ నేదురా, ఆయన అసలు ఎల్లడమే నేదు, రేపు రేపని గడిపేత్తన్నాడు, నీకు సెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు, పాదాలు పొంగిపోనాయి, పడుకుంటే ఊపిరాడక లేసి కూకుంతన్నాడు, ఇయ్యాల కాళ్ళా యేళ్ళా పడి పలాస బస్సెక్కించినాను, నువ్వొక్క మాట సెప్పరా తమ్ముడా, నీ మాట ఇంతాడు.

నా మాట వింటాడా, నా మాట ఆయన ఎన్నడు విన్నాడు, లేవండిరా లేవండి షాపు మూసేస్తున్నాను అంటే కుర్రాళ్ళు మొహాలు వేలాడేసుకుని, సార్ సార్ ఈ ఒక్క ఓడ సార్, ఓడ లేదు ఏమీ లేదు, షట్టర్ లాగి తాళం వేశానో లేదో చూసుకోకుండానే టీవీఎస్ స్టార్ట్ చేశాను, రైలు వెళ్ళిపోయే వేళయింది, జీడిపప్పు ఫ్యాక్టరీల నుంచి గింజ కాలే వాసన గొంతుకి పట్టుకుంటోంది, ఈ వాసన మాకు తెలియదు, ఊరికొత్తవాళ్ళకే తెలుస్తుంది, ఈరోజెందుకో నాకూ తెలిసింది, వెళ్ళడం మానేశాడు, మానేస్తే ఏమవుతుందో ఉద్దానంలో చిన్న పిల్లలకి కూడా తెలుసు, రెండు వారాలు, మహా అయితే మూడు, పక్కింటి దాలయ్య మావ అలాగే మానేసి పోయాడు, ఇంక తిరగలేను అని మంచం ఎక్కాడు, అంతే, బావకి అప్పుడు నేనే చెప్పాను, నువ్వు అలా చెయ్యకు అని, ఆయన నవ్వి, నానెందుకు సేత్తాను, నీ బారువ రేవుని ఎవుడు కాపాడతాడు నేకపోతే అన్నాడు.

బారువ రేవు, అవును, నా ఆట అక్కడే మొదలవుతుంది, ఇంగ్లీషువాళ్ళ ఓడొకటి, ఫ్రెంచివాళ్ళ ఓడొకటి, రేవు ముందు యుద్ధం, అలాంటి యుద్ధం అక్కడ జరిగిందో లేదో నాకు తెలియదు, నేనే కల్పించాను, కానీ ఓడలు కల్పన కావు, తెరచాప ఎంత గాలికి ఎంత ఉబ్బుతుందో, నిండా సరుకున్న ఓడ మలుపు తిరగడానికి ఎంత చోటు కావాలో, అన్నీ నిజం, నిజం అంటే నాకు పిచ్చి, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నట్టు రెండేళ్ళు ఒక్కణ్ణే కూర్చుని రాశాను, వైజాగ్‌లో ఎంసీఏ చదివినవాళ్ళందరూ హైదరాబాదు, బెంగుళూరు పోతే నేను కాశీబుగ్గలో పిల్లలకి ఎక్సెల్ నేర్పుతూ, మిగతా వేళంతా లేని సముద్రంలో, పెళ్ళెప్పుడురా అంటే ఈ ఓడ రేవు దాటాక అనేవాణ్ణి, నిజంగానే ఓడ రేవు దాటలేదు, అదీ తమాషా, ఎలా తిప్పినా, ఏ చాప ఎత్తినా, ఓడ వెనక్కి వచ్చి ఒడ్డుకి కొట్టుకునేది, వారాల తరబడి ప్రోగ్రాంలో తప్పెక్కడుందో వెతికాను, దొరకలేదు.

రైల్వే గేటు వేసేశారు, అయిపోయింది, ముందు రెండు ఆటోలు, జీడి బస్తాల లారీ, మోటారు సైకిళ్ళు, ఆ వస్తున్నది వైజాగ్ వైపు వెళ్ళే పాసింజరే కావచ్చు, బావ ఎక్కుతాడు, ఎక్కే ఉంటాడు, ఎక్కితే మంచిదే, తప్పు ప్రోగ్రాంలో లేదు, నాలో ఉంది, అది పట్టుకున్నవాడు బావే, పక్క కంప్యూటర్ ముందు ఊరికే కూర్చుని చూస్తున్నవాడు, నీ గాలెప్పుడూ సంద్రం కాణ్ణుంచే వొత్తాదేటి బావా అన్నాడు, మావైపు బావమరిదిని కూడా బావా అనే పిలుస్తారు, మరెక్కడి నుంచి వస్తుంది, సముద్రపు గాలి సముద్రం నుంచే కదా అన్నాను, పొద్దుట కొబ్బరి మట్టలు ఎటు ఊగుతాయో ఎప్పుడైనా సూసినావేటి, తోట కాణ్ణుంచి సంద్రం వైపు ఊగుతాయి, మజ్జేనం నుంచి ఇటు తిరుగుతాయి, మధ్యన ఓ గంట ఎటూ ఊగవు, ఇద్దరం ఒకరినొకరు చూసుకుని పడీ పడీ నవ్వాం, ఎందుకంటే మేం ఉద్దానం వాళ్ళం, సముద్రం హోరు వింటూనే పుడతాం, వింటూనే పోతాం, కానీ సముద్రానికి వీపు పెట్టి బతుకుతాం, తోటే మా లోకం, ఎండ చల్లబడ్డాక ఏ సాయంత్రమో సరదాకి ఇసుకలోకి వెళ్తాం, నేను పుట్టాక చూసిన గాలి అంతా ఆ సాయంత్రపు గాలే, అదొక్కటే సముద్రపు గాలి అనుకుని దాన్నే రోజంతా ఊదించాను, గంగపుత్రుల ఇంట్లో పుట్టిన ఏ బుడతడూ ఈ తప్పు చెయ్యడు, చేస్తే వాడి తాత చెవి మెలేస్తాడు, తోటలో పుట్టినవాడే చెయ్యాలి.

అలా వచ్చింది నా ఆటలోకి గాలి లేని గంట, పొద్దున నేల గాలికి రేవు దాటాలి, మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యేదాకా ఆగాలి, మధ్యలో రెండు ఓడలూ ఎక్కడివక్కడే, చాపలు తడిబట్టల్లా వేలాడుతూ, ఏ మీట నొక్కినా పలకదు, శత్రువు కనిపిస్తూనే ఉంటాడు, గుండుకి అందడు, నాకదెంత అందంగా తోచిందో, ఇదీ నిజం అంటే, ఇదీ ఓడ అంటే, కుర్రాళ్ళు వచ్చి ఒక్క నిమిషం చూసి, ఏటి సార్ హేంగయిపోనాదా అని లేచి కార్ల రేసులు పెట్టుకునేవారు, ఆ గంటని కూర్చుని భరించినవాడు బావ ఒక్కడే, నా కంప్యూటరూ ఆయన కంప్యూటరూ వీపు వీపు ఆనించినట్టు బల్లకి అటొకటి ఇటొకటి, మధ్యలో రెండు పెద్ద మానిటర్లు, ఆయన మొహం నాకు కనపడదు, నా మొహం ఆయనకి కనపడదు, గాలి పడిపోయేది, ఫ్యాను గిరగిరమనేది, అప్పుడు మానిటర్ వెనక నుంచి బావ గొంతు.

ఎదురెదురుగా కూర్చుంటే ఆ గొంతు రాదు, మావైపు బావా బావమరుదులంటే ఎకసెక్కాలే, కష్టం చెప్పుకుంటే నగుబాటు, ఏటి బావా ఇంత నల్లబడిపోనావు పొయ్యిలో దూరినావేటి అని ఒకడంటే, మీ అప్ప వంట తింటే నువ్వూ నల్లబడతావులే అని ఇంకొకడు, చావు ఇంట్లో కూడా పక్కకి తీసుకెళ్ళి ఏదో ఒకటి అని నవ్వించాలి, లేకపోతే బావ కాడు, కానీ ఆ గాలి లేని గంటలో, మానిటర్ వెనక నుంచి, ఒకసారి అన్నాడు, మిషిన్ మీద పడుకున్నప్పుడు నా రగతం గొట్టంలోంచి ఎల్లిపోతుంటే సూత్తాను బావా, కరెంటు పోతే అదక్కడే ఉండిపోద్దేటి, తిరిగొత్తాదేటి, నేను వెంటనే జనరేటర్ ఉంటుంది బావా అన్నాను, ఆఁ అన్నాడు, చాలాసేపటికి మళ్ళీ, కలలో బొండాం తాగుతన్నాను, రోజూ అదే కల, లేసి నోరు తడుముకుంతాను అన్నాడు, ఇంకోసారి, మా మాధవి కూడా ఆ నూతి నీళ్ళే తాగింది గదేటి ఇన్నాళ్ళూ అన్నాడు, మాధవీలత ఆయన కూతురు, ఉద్దానంలో కిడ్నీలు పోయేది నీళ్ళ వల్లేనని అందరి అనుమానం, అప్పుడు తెర మీద చాప కొస కదిలింది, గాలి తిరిగింది, కాసుకో ఫ్రెంచోడా అని బావ అరిచాడు, మళ్ళీ మామూలే.

నేను మాత్రం చెప్పలేదా, నేనూ చెప్పాను, ఆ గంటలోనే, స్తుతి గురించి, నా సెంటర్‌లో టైపింగ్ నేర్పిన అమ్మాయి, మిషన్ చర్చిలో పాటలు పాడే అమ్మాయి, రోజూ సాయంత్రం వెళ్ళేముందు కంప్యూటర్లకి గుడ్డలు కప్పి, అన్నిటికీ జోల పాడినట్టు ఒక్కొక్కదాన్నీ తట్టి వెళ్ళేది, బరంపురం సంబంధం కుదిరి వెళ్ళిపోయింది, నేను ఒక్క మాటా అనలేదు ఆమెతో, ఎవరితోనూ అనలేదు, ఓడ కదలని ఆ మధ్యాహ్నం నా నోరు దానంతటదే కదిలింది, అవతల బావ నవ్వుతాడనుకున్నాను, ఆయన నవ్వలేదు, ఎగతాళి చెయ్యలేదు, ఆ గుంట అదృష్టవంతురాలు కాదురా అన్నాడు, అంతే, తర్వాత ఎప్పుడూ ఆ పేరు ఎత్తలేదు, ఇంటికెళ్ళి అప్పకి కూడా చెప్పలేదు.

లారీ వాడు హారన్ కొడుతున్నాడు, కొడితే గేటు లేస్తుందా, రైలు ఇంకా పోతూనే ఉంది, మరి అంత బాగున్న ఆ గాలి లేని గంటని నేనెందుకు తీసేశాను, ఆనంద్ వచ్చాడు కదా, నాతో చదివినవాడు, హైదరాబాదులో ఆటలు తయారుచేసే కంపెనీలో పెద్ద జీతం, పెళ్ళికని టెక్కలి వచ్చి నా షాపులో ఒక పూట కూర్చున్నాడు, ఆడి చూశాడు, ఓడలు అద్భుతంరా అన్నాడు, గాలి పడిపోయాక వాచీ చూసుకున్నాడు, ఒరే సూర్యం, నిజం అక్కర్లేదురా, నిజంలా అనిపిస్తే చాలు, మనిషి ఆట ఆడేదే నిజం కాసేపు మర్చిపోవడానికి, ఆ కాలపు యుద్ధంలో నూటికి తొంభై పాళ్ళు ఎదురుచూపులేనని నాకూ తెలుసు, ఆ తొంభైనీ కోసెయ్యి, మిగిలిన పదీ చూపించు, అదీ డిజైన్ అంటే, నేను ఒప్పుకోలేదు, గాలి లేకపోతే కదలకపోవడమే ఓడ, కదిలితే అది మోటారు పడవ అన్నాను, వాదించాను, గెలిచాననుకున్నాను, కానీ ఆ వారమే బావ, ఇది యుద్దమేటి బావా, సంతకెల్లి తిరుగు బస్సు కోసం కూకున్నట్టుంది అన్నాడు, అది గుచ్చుకుంది, నిజమే కదా, ఈయన జీవితమంతా ఎదురుచూపే, బస్సు కోసం, రైలు కోసం, మంచం కోసం, మిషన్ మీద నాలుగేసి గంటలు, ఆటలోనూ ఎదురుచూపులేనా, కాస్త సంతోషం ఇద్దాం అనుకున్నాను, బావ ఎకసెక్కాన్ని ఎకసెక్కంగా తీసుకోకుండా ఫిర్యాదుగా తీసుకున్న మొదటి బావమరిదిని నేనే అయ్యుంటాను.

గాలి లేని గంట తీసేశాను, ఎప్పుడూ వీచే గాలి పెట్టాను, అది కూడా వెనక నుంచే, ఫిరంగి నొక్కగానే పేలేలా, ఓడ మునిగినా లేచేలా, బావ వచ్చాడు, కూర్చున్నాడు, నా టీ చల్లారేలోగా నన్ను నాలుగుసార్లు ముంచాడు, బాగుందిరా, బేగి అయిపోనాది అన్నాడు, అప్పటికే కుర్రాళ్ళు వాసన పట్టేశారు, కోతికి కొబ్బరికాయ దొరికినట్టు కుర్చీల మీద ఎగబడి, సార్ నాకు సార్ నాకు, ఆ గోలలో నేను అటూ ఇటూ పరుగెడుతూ, మధ్యలో బావ లేచి నిలబడి షాపంతా ఒకసారి చూశాడు, మొహంలో నవ్వే ఉంది, మంచిది మంచిది అని, సంచీ తీసుకుని, రైలు వేళకి ఇంకా చాలా ఉండగానే స్టేషన్‌కి వెళ్ళిపోయాడు, ఆ తర్వాత రాలేదు, సోంపేట దగ్గర కదా అటే వెళ్తున్నాడులే అనుకున్నాను, అనుకుని ఊరుకున్నాను, కానీ షాపు కిటకిటలాడుతున్న ఈ రోజుల్లో నాకు అన్నం సయించలేదు, అంత గోలలో నా పేరు పెట్టి పిలిచేవాడు ఒక్కడూ లేడు, అందరూ సారే.

గేటు లేచింది, స్టేషన్ బయట బండి పడేసి పరుగెత్తాను, ప్లాట్‌ఫారం ఖాళీ, రైలు వెళ్ళిపోయింది, టీ అమ్మేవాడు గ్లాసులు కడుక్కుంటున్నాడు, హమ్మయ్య ఎక్కేశాడు అనుకుంటూనే అటు చివర చూశాను, చివరి బెంచీ మీద గుడ్డసంచీ ఒళ్ళో పెట్టుకుని బావ, చెప్పులు విప్పి పక్కన పెట్టుకున్నాడు, ఆ పాదాలు అందులో పట్టవు ఇంక, బూరెల్లా పొంగి మెరుస్తున్నాయి, మొహం ఉబ్బి కళ్ళు చిన్నవైపోయాయి, నన్ను చూసి నవ్వాడు, నాకు ఏడుపు వచ్చింది, కానీ బావమరిదిని కదా, ఏం బావా రైలు నిన్ను ఎక్కించుకోలేదా అన్నాను, దానికి బేగి ఎల్లాలంటరా, నన్ను తరవాత రమ్మన్నాది అన్నాడు, అప్ప ఫోన్ చేసింది అన్నాను, సేత్తాది అన్నాడు, ఎందుకు మానేశావు అని అడగాలి, ఎదురుగా నిలబడి అడిగితే ఇంకో ఎకసెక్కం వస్తుంది, దానికి నేనొకటి అనాలి, ఆయనొకటి, అలా సాయంత్రమైపోతుంది, ఆయన చచ్చిపోతాడు.

వెళ్ళి పక్కన కూర్చున్నాను, ఇద్దరం పట్టాల వైపు చూస్తూ, అవతలి ప్లాట్‌ఫారం మీద ఎవరో ముసలమ్మ పనసపండు గోనెలో చుట్టుకుని కూర్చుని ఉంది, ఎండ తగ్గలేదు, గాలి లేదు, బావ ఊపిరి పీల్చినప్పుడల్లా సన్నగా ఈల వేసినట్టు చప్పుడు, నేనేమీ అడగలేదు, ఎంతసేపో తెలియదు, ఒక గూడ్సు బండి వచ్చి, పెట్టె తర్వాత పెట్టె, బొగ్గు నలుసులు మొహాల మీద పోసి వెళ్ళిపోయింది, ఆ చప్పుడు పూర్తిగా పోయాక బావ పట్టాల వైపే చూస్తూ అన్నాడు, వైజాగ్ కోసమని నానెప్పుడూ బయల్దేరలేదురా సూర్యం, నీ కాడికని బయల్దేరీవోన్ని, ఎలాగూ పలాస దాకా వొచ్చాను గదా అని రైలెక్కీసీవోన్ని.

నేను తల తిప్పలేదు, తిప్పితే ఆగిపోతాడు, ఆయన చెబుతూనే ఉన్నాడు, మీ అప్ప పోరు పెట్టీది, తమ్ముడు ఒక్కడూ ఆ బొమ్మల ముందర కూకుంతన్నాడు, పిచ్చోడైపోతాడు, ఓపాలి ఎల్లి కూకోయ్యా అని, సరే అన్నాను, నాకు ఓడలేటి తెలుసు, యుద్దాలేటి తెలుసు, నువ్వు ఒంటిగా ఉన్నావని వొచ్చి కూకునీవోన్ని, నాకూ అలవాటైపోనాది, నీకోసమని ఓ పనున్నట్టుండీది, మరి ఆ రోజు సూసినాను గదా, నీ షాపు నిండా కుర్రోళ్ళు, కూకోడానికి సోటు నేదు, నీకింక ఒంటితనం నేదు, నా పనైపోనాదిలే అనుకున్నాను, ఇంటికెల్లి పడుకున్నాను, మళ్ళీ లేసి వైజాగ్ ఎల్లాలంటే దేనికో తెలీనేదు.

ఈ మనిషికి నేను తోడు అనుకున్నాను, పాపం రోగిష్టి మనిషి, ఎదురుచూపుల మనిషి, నా ఆటతో ఆయనకి పొద్దు పుచ్చుతున్నాను అనుకుని, గర్వపడి, దయపడి, ఆయన కోసమని గాలి పెంచాను, ఆయనేమో నాకు తోడొస్తూ బతికాడు, నాకోసం నలభై కిలోమీటర్లు బస్సులో కుదుపులు తిని వచ్చి, అర్థంకాని ఓడకి అర్థంకాని చాప ఎత్తి, గాలి లేని గంటలో కదలకుండా కూర్చుని, తన గుండెలో మాట ముందు తాను చెప్పి, నా చేత చెప్పించి, ఆనంద్, నువ్వు కోసెయ్యమన్న తొంభై పాళ్ళూ అదేనురా, అందులోనే ఉన్నాం మేమిద్దరం, మిగిలిన పదిలో ఉన్నవి ఫిరంగులే, ఫిరంగి ఎంతసేపటికి పేలాలన్నది ఎవడిక్కావాలి, ఎంత తొందరగా పేలితే అంత తొందరగా లేచి వెళ్ళిపోతారు, నేను నిజం కోసం పెట్టాననుకున్నదీ తప్పే, సరదా కోసం తీశాననుకున్నదీ తప్పే, ఇదంతా ఆయనతో చెప్పాలి, నోటి దాకా వచ్చిన మాట, ఆ కుర్రాళ్ళు సాయంత్రమైతే వెళ్ళిపోతారు బావా, అంతే అనగలిగాను.

బావ సీసా తీసి ఒక్క గుక్క నోట్లో పోసుకుని, మింగకుండా చాలాసేపు ఉంచుకుని, మింగాడు, మళ్ళీ రైలెప్పుడుంది అన్నాను, సాయంత్రం ఇంకోటుంది, అదీ లేటని సెప్తన్నారు అన్నాడు, లేటవనీ, నేనూ వస్తున్నాను అన్నాను, అప్పుడు మొదటిసారి నా వైపు తిరిగాడు, నువ్వొచ్చి ఏటి సేత్తావురా, మిషిన్ నొక్కుతావా అన్నాడు, పాత నవ్వు, ఏమీ చెయ్యను బావా, పక్కన కూర్చుంటాను, ప్రతిసారీ వస్తాను, నువ్వు పడుకున్నంతసేపూ కూర్చుంటాను అన్నాను, షాపో అన్నాడు, షాపు ఉంటుందిలే అన్నాను, చాలాసేపు చూశాడు నన్ను, ఈ గుంటడు నిజంగానే అంటున్నాడా, బావమరిది మాట అంటున్నాడా అని చూసినట్టు, ఆ తర్వాత పట్టాల వైపు తిరిగి, అయితే రెండు టికెట్లు తియ్యి అన్నాడు, నేను వెంటనే లేవలేదు, లేస్తే ఆ కాసేపూ ఆయన పక్కన ఉండను కదా అనిపించింది, కౌంటర్ దగ్గర జనం కూడా లేరు, టికెట్లు ఎక్కడికీ పోవు, ఇది జబ్బు మనిషి మీద జాలి కాదని ఆ బెంచీ మీద తెలిసింది నాకు, ఈయన రైలెక్కకపోతే, ఇంత పెద్ద సముద్రం పక్కన, నన్ను సూర్యం అని పిలిచి నా పక్కన ఊరికే కూర్చునే మనిషి నాకింకెవరూ ఉండరు.